మేనమామ పోలిక



కాజీపేటలో పెరిగిన పిల్లలకు రంగుల పాఠం పుస్తకంతో మొదలుకాదు. సికింద్రాబాద్ వైపు నుంచి వచ్చిన లైను ఇక్కడ చీలి ఒకటి వరంగల్ మీదుగా విజయవాడకు, ఇంకొకటి బల్లార్షాకు పోతుంది. రాత్రిపూట క్వార్టర్ల వెనక నిలబడితే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు వరుసగా కనిపించేవి. మాటలు సరిగా రాకముందే "సిగ్నల్ పడింది" అనడం మాకు వచ్చేది. మా నాన్న ఆవిరింజన్ల కాలం మనిషి. మసిబట్టిన చేతులతో ఇంటికొచ్చి, ముందు మమ్మల్ని చూసి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆయన్ను మేమెవరమూ పేరుతో పిలవలేదు. జువాలజీ సార్ అనేవాళ్లం. ఈ గంటసేపు కూడా సార్ అనే అంటాను, ఇంకో మాట నా నోటికి రాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో అనువంశికత పాఠం మొదలుపెట్టేటప్పుడు ఆయన బఠానీ మొక్కల జోలికి పోయేవారు కాదు. "మీ ఇంట్లో ఎంతమంది? అమ్మ తరఫున ఎంతమంది? చనిపోయిన పిల్లలను కూడా లెక్క పెట్టండి" అనేవారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి అడ్డగీత, పిల్లలకు నిలువుగీత. వారం తిరిగేసరికి ప్రతి విద్యార్థి చేతిలో సొంత వంశవృక్షం ఉండాలి. మెండెల్ మూడో వారంలో వచ్చేవాడు.

ఆ పద్ధతి విలువ నాకు తరగతిలో తెలియలేదు, మా ఇంట్లో తెలిసింది. 1983లో మా తమ్ముడు డీజిల్ అసిస్టెంట్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాడు. నాన్న ఎక్కిన మెట్టే కొడుకూ ఎక్కుతాడని ఇల్లంతా పండగ. వైద్య పరీక్షలో చుక్కల పుస్తకం తెరిచారు. జపాన్ సైనిక వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో తెచ్చిన పలకలు అవి. రంగురంగుల చుక్కల మధ్య ఒక అంకె దాగి ఉంటుంది. మొదటి పలక మీద 12 అందరికీ కనిపిస్తుంది. రెండో పలక నుంచి మా వాడు తడబడ్డాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టలేని చూపు అని రాసి పంపించారు.

ఆ నిర్ణయం న్యాయమైనదే. ఎరుపును ఇంకోలా చూసే కళ్లకు నిండు బండిని అప్పగించలేం. మా బాధ ఉద్యోగం పోయినందుకు మాత్రమే అయితే నెలలో తగ్గిపోయేది. ఇంట్లో మరో ప్రశ్న మొలిచింది. తండ్రి ఇరవై ఏళ్లు సిగ్నల్ చూసి బండి నడిపినవాడు. మరి ఈ లోపం ఎక్కడిది? మా మేనత్త వాకిట్లో కూర్చుని, అందరికీ వినపడేలా, తల్లి తరఫుదే అన్నది. అమ్మ చూపు ఎట్లాంటిదంటే, రెండు ఎరుపు చీరలు పక్కపక్కన పెడితే ఏది ఒక ఉతుకు ఎక్కువ చూసిందో చెప్పేది. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు.

సార్ మూడో రోజు సాయంత్రం వచ్చారు. అమ్మ గడపకు ఆనుకుని నిలబడి, "నా కడుపుల ఏమన్న తప్పున్నదా సారూ?" అని అడిగింది. ఆయన జవాబు చెప్పలేదు. కాగితం, పెన్సిల్ తెమ్మని నాతో అన్నారు. "అమ్మా, మీ అన్నదమ్ముల్లో ఎవరికన్నా రంగులు తారుమారవుతాయా?" అని అడిగారు. అమ్మ చాలాసేపు ఆలోచించింది. నర్సంపేట వైపు వాళ్ల ఊళ్లో మిరపతోట. "మా పెద్దన్న పండుకాయ ఏరమంటే పచ్చికాయ తెంపేటోడు. పని ఎగ్గొట్టుడానికే గట్ల చేస్తున్నడని మా నాయన కొట్టేటోడు. తర్వాత తర్వాత చేత్తోటి పట్టిచూసి తెంపుడు నేర్చుకున్నడు" అన్నది. పండినకాయ వేలికి కాస్త మెత్తగా, ముడతపడి తగులుతుంది. మా మామయ్య ఆకుల మధ్య ఎర్రటి కాయను చూసి కాదు, తడిమి గుర్తుపట్టేవాడన్నమాట. యాభై ఏళ్లుగా ఆ సంగతి ఎవరికీ తెలియదు.

సార్ ఒక చతురస్రాన్ని పెన్సిల్‌తో నల్లగా నింపారు, అది మామయ్య. కింద ఇంకొకటి నింపారు, అది తమ్ముడు. రెంటికీ నడుమ ఉన్న అమ్మ వృత్తంలో సరిగ్గా మధ్యన చిన్న చుక్క పెట్టారు. "ఊళ్లో మేనమామ పోలిక అంటారు చూడండి, ఈ ఒక్క విషయంలో అది అక్షరాలా నిజం" అన్నారు.

దాని వెనక ఉన్న యంత్రాంగాన్ని విద్యార్థుల కోసం కొంచెం విడమరుస్తాను. ఆడవాళ్లకు ఎక్స్ క్రోమోజోములు రెండు, మగవాళ్లకు ఒక ఎక్స్, ఒక వై. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై మాత్రమే. కొడుకు ఎక్స్ ఎప్పుడూ తల్లిదే. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టే జన్యువులు ఎక్స్ మీద ఉన్నాయి కాబట్టి మా నాన్న కళ్లు ఎంత మంచివైనా తమ్ముడి విషయంలో వాటికి ప్రవేశమే లేదు. అమ్మకు ఒక ఎక్స్‌లో లోపం ఉన్నా రెండోది పని నడిపిస్తుంది. అందుకే ఆమెలో లోపం కనిపించదు, కొడుక్కి మాత్రం అందవచ్చు. ఇలాంటి తల్లినే వాహకురాలు అంటాం, సార్ పెట్టిన చుక్కకు అర్థం అదే. తెలుగు అకాడమీ పుస్తకాల్లో దీన్నే లింగ సహలగ్న అనువంశికత అంటారు. ఆ మాట పలకలేక మా రోజుల్లో సగం మంది పాఠాన్నే వదిలేశారు. నన్నడిగితే మేనమామ దారి అని చెప్పి మొదలుపెట్టి, పారిభాషిక పదాన్ని చివర్లో ఇవ్వాలి.

ఈ దారిని మొదట స్పష్టంగా గుర్తించినవాడు స్విట్జర్లాండ్ కంటివైద్యుడు హార్నర్, 1876లో. అప్పటికి క్రోమోజోము అనే పేరే పుట్టలేదు. తాత నుంచి కూతురి మీదుగా మనవడికి అని కుటుంబాలను చూసి చెప్పాడు. 1910లో మోర్గాన్ తెల్లకళ్ల ఈగల మీద పనిచేశాక, 1911లో విల్సన్ మనుషుల వర్ణాంధత జన్యువును ఎక్స్ మీద ఉంచాడు. వేరువేరు చోట్ల వేరువేరు మనుషులు చూసినవి ఒకదానిలో ఒకటి ఇమిడిపోవడం శాస్త్రంలో నాకు ఎప్పటికీ పాతబడని ఆనందం.

మళ్లీ ఆ సాయంత్రానికి వస్తే, మేం ముగ్గురం అన్నదమ్ములం. నాకు, చిన్నవాడికి చూపు బాగానే ఉంది. "ముగ్గురిలో ఒకడికే ఎందుకు? సగం సగం అంటే ఒకటిన్నర రావాలి కదా సార్" అని నేను అమాయకంగా అడిగాను. ఆయన జేబులోంచి రూపాయి బిళ్ల తీసి మూడుసార్లు ఎగరేశారు. మూడుసార్లూ బొమ్మే పడింది. "నాలుగోసారి బొరుసు పడాలని బిళ్లకు బాకీ ఉందా?" అన్నారు. ప్రతి కాన్పూ కొత్తగా ఎగరేసిన బిళ్లే. పెద్దవాడికి వచ్చింది కాబట్టి రెండోవాడు తప్పించుకుంటాడన్న భరోసా లేదు, పెద్దవాడు తప్పించుకున్నాడు కాబట్టి రెండోవాడు చిక్కుతాడన్న భయమూ అక్కర్లేదు. నేను ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పాను. విద్యార్థులు అన్నిటికన్నా ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మెండెల్ నిష్పత్తి కోసం 7,324 విత్తనాలు లెక్కపెట్టాడు. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. అన్ని వేలల్లో తేలిన మూడుకు ఒకటి అన్న లెక్కను ముగ్గురు పిల్లల ఇంట్లో వెతికితే దొరకదు.

అమ్మకు ఇదంతా ఎంతవరకు ఎక్కిందో తెలియదు. బిళ్ల మాట మటుకు ఎక్కింది. "అంటే నేను ఇచ్చిన్న గని, ఏది ఇయ్యాల్నో నా చేతుల లేదు" అన్నది. ఆ రాత్రి అన్నం తిన్నది.

ఇప్పుడు లెక్కల సంగతి ఒకటి. దీన్ని సార్ మాకు తరగతిలో రెండు పూర్తి గంటలు చెప్పారు, కాబట్టి నేనూ తొందరపడను. 1927లో వాలర్ అనే ఆయన నార్వేలోని ఓస్లో బడిపిల్లల చూపు పరీక్షించాడు. 9,049 మంది అబ్బాయిల్లో 725 మందికి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు, అంటే నూటికి 8 మంది. 9,072 మంది అమ్మాయిల్లో 40 మందికే ఆ లోపం ఉంది. ముందుగా ఈ వ్యత్యాసం ఎందుకో చూడండి. అబ్బాయికి ఒకే ఎక్స్, అది లోపమున్నదైతే చాలు. అమ్మాయికి రెండూ లోపమున్నవి కావాలి. ఒక ఎక్స్‌లో లోపం ఉండే సంభావ్యత నూటికి 8 అయితే, రెంటిలోనూ ఉండే సంభావ్యత 8 శాతంలో 8 శాతం, అంటే పదివేలకు 64. ఆ లెక్కన 9,072 మందిలో 58 మంది తేలాలి. తేలింది 40.

సార్ ఇక్కడ సుద్దముక్క బల్ల మీద పెట్టి మా మొహాలు చూసేవారు. పద్దెనిమిది మంది అమ్మాయిలు ఎక్కడికి పోయారు? ఎవరో పొరపాటున లెక్కపెట్టారని మేం అనేవాళ్లం. ఆయన ఒప్పుకునేవారు కాదు. లోపం ఒకటి కాదు, రెండు రకాలు. కొందరిలో ఎరుపును పట్టే వర్ణకం చెడుతుంది, కొందరిలో ఆకుపచ్చను పట్టేది చెడుతుంది. ఒక ఎక్స్‌లో ఎరుపుది చెడి, రెండో ఎక్స్‌లో ఆకుపచ్చది చెడిన అమ్మాయికి రెండు లోపాలున్నా చూపు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే ఒకదాని లోటును ఇంకొకటి తీరుస్తుంది. ఇప్పుడు రెండు రకాలనూ విడివిడిగా లెక్కకట్టండి. ఆకుపచ్చ రకం నూటికి సుమారు 6, ఎరుపు రకం సుమారు 2. పదివేలకు 36, పదివేలకు 4, కలిపితే 40. ఆ లెక్కన 9,072 మందిలో 36 మంది. వాలర్ చూసిన 40కి ఇది పక్కింటి అంకె. కంటిని కోయకుండా, సూక్ష్మదర్శిని తాకకుండా, బడిపిల్లల లెక్కలో తగ్గిన పద్దెనిమిది మందిని పట్టుకుని లోపల రెండు జన్యువులున్నాయని చెప్పగలగడం! ఇంటర్ చదివిన పిల్లలెవరైనా కాగితం మీద చేసుకోగల లెక్క ఇది.

1986లో అమెరికాలో జెరెమీ నాథన్స్ బృందం ఆ జన్యువులను విడదీసి చదివింది. సార్ ఆ వార్త తెలిసిన రోజు నన్ను వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. ఎరుపు జన్యువు, ఆకుపచ్చ జన్యువు ఎక్స్ చివర పక్కపక్కనే ఉన్నాయి, దాదాపు కవలల్లా ఉన్నాయి. ఆ పోలికే చిక్కు తెస్తుంది. అండం తయారయ్యేటప్పుడు రెండు ఎక్స్‌లు ఎదురెదురుగా నిలిచి ముక్కలు మార్చుకుంటాయి, దాన్ని వినిమయం అంటాం. ఒకేలా ఉన్న రెండు జన్యువులు పక్కపక్కన ఉంటే సరైన జోడీ తప్పి, ఎరుపు ఆకుపచ్చకు ఎదురుగా నిలవవచ్చు. అప్పుడు ఒక ఎక్స్‌కు జన్యువు తగ్గుతుంది, ఇంకోదానికి పెరుగుతుంది, లేదా రెండూ అతుక్కుని కలగలుపు జన్యువు పుడుతుంది. రైల్వే ఊరివాళ్లకు నేను ఇట్లా చెబుతాను: పక్కపక్కన ఒకే తీరు పట్టాలున్నచోటే పాయింటు పొరపాటుగా పడే వీలు ఎక్కువ.

ఎక్స్ కొన దగ్గర ఇంకా కొన్ని ముఖ్యమైన జన్యువులున్నాయి. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఎనిమిదో కారకం జన్యువు అక్కడే ఉంది, అది చెడితే హీమోఫీలియా. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ మాత్ర కొందరిలో ఎర్రరక్తకణాలను పగలగొట్టడానికి కారణమైన జీ6పీడీ లోపం కూడా అక్కడిదే. మన ఏజెన్సీ ఊళ్లలో పనిచేసే వైద్యులకు ఇది పుస్తకాల సంగతి కాదు. వర్ణాంధత, హీమోఫీలియా రెండూ ఉన్న కొన్ని కుటుంబాలను పరిశీలించి, అవి కలిసి నడుస్తున్నాయని 1937లో జూలియా బెల్, జె.బి.ఎస్. హాల్డేన్ చూపించారు. మనుషుల్లో రెండు జన్యువుల సహలగ్నతను రుజువు చేసిన మొదటి పని అదే. అంతకు రెండేళ్ల ముందు హాల్డేన్ హీమోఫీలియా జన్యువు కొత్తగా ఎంత తరచుగా చెడుతుందో అంచనా కట్టాడు. హీమోఫీలియా పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి ఆ మార్పు కొత్తగా వచ్చిందే అయి ఉంటుంది, తల్లి వాహకురాలే కాకపోవచ్చు. తల్లి వైపు వేలు చూపించే ముందు ఈ మూడోవంతును గుర్తుంచుకోవాలని సార్ బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసేవారు.

ఆ హాల్డేన్ 1957లో ఇంగ్లండ్ వదిలి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చేశాడు. పిఠాపురంలో పుట్టిన కుర్రవాడు ద్రోణంరాజు కృష్ణారావు ఆయనకు ఉత్తరం రాసి, శిష్యుడై, మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రదేశంలో రక్తసంబంధీకుల పెళ్లిళ్ల మీద పరిశోధన చేశాడు. 1960లో చెవి మీద వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు వై క్రోమోజోము మీద వస్తుందని ద్రోణంరాజు వంశవృక్షాలతో ప్రతిపాదించాడు. అది మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కి, పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా స్థిరపడింది. 2004లో దక్షిణ భారతంలో చెవి వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోములను, అవి లేనివాళ్ల వాటితో పోల్చి చూశారు. తేడా కనిపించలేదు. ప్రతిపాదన నిలబడలేదు. వంశవృక్షంలో తండ్రీకొడుకుల వరుస అందంగా కుదిరినా, మగవాళ్లలోనే కనిపించే ప్రతి లక్షణమూ వై మీదిదే కానక్కర్లేదు. ద్రోణంరాజు మీద గౌరవం దీనివల్ల నాకు ఒక్క పిసరు తగ్గలేదు. ఆయన కుటుంబాలను ఓపికగా నమోదు చేసి పెట్టబట్టే తర్వాతివాళ్లకు పరీక్షించడానికి ఒక మాట దొరికింది. ఇంకా ఆ పాత జవాబునే సరైనదిగా దిద్దుతున్న ఉపాధ్యాయులను మాత్రం ఈ వేదిక మీంచి వేడుకుంటున్నాను, దయచేసి ఆపండి.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. రాత్రి మన స్టేషన్‌లోంచి సాగిపోయే గౌతమి బండి వెళ్లేది ఆ ఊరికే.

మళ్లీ మా ఇంటికి వస్తాను. తమ్ముడి ఉద్యోగం సంగతి సద్దుమణిగాక పెద్దవాళ్లు సంబంధం ఆలోచించారు. మేనమామ కూతురే ఉన్నది కదా అన్నారు. సార్‌ను అడగమని అమ్మే నన్ను పంపింది. ఆయన చెప్పిన లెక్క తెలుగువాళ్లందరికీ అవసరమైనదని నా నమ్మకం, ఎందుకంటే మేనరికం అని మనం ఒకే మాటతో పిలిచే పెళ్లిళ్లలో రెండు దారులున్నాయి.

మామూలు క్రోమోజోముల వరకు మేనమామ కూతురైనా, మేనత్త కూతురైనా ఒకటే. పుట్టే బిడ్డకు ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వికుడి ప్రతి నుంచే వచ్చే సంభావ్యత 16లో ఒక వంతు. అక్క కూతురిని చేసుకుంటే అది 8లో ఒక వంతు. ఎక్స్ మీద జన్యువుల విషయంలో మటుకు తేడా ఉంది. మేనత్త కూతురిని చేసుకున్నవాడి ఎక్స్ తల్లి నుంచి వచ్చింది. మేనత్త అతని తండ్రి తోబుట్టువు. తల్లి ఎక్స్‌కూ, మేనత్త ఇంటి ఎక్స్‌కూ చుట్టరికం లేదు, కాబట్టి ఆ సంభావ్యత సున్నా. మేనమామ కూతురైతే ఇద్దరి ఎక్స్‌లూ ఒకే అమ్మమ్మ నుంచి దిగి ఉండవచ్చు. అబ్బాయికి అమ్మ ఇచ్చిన ఎక్స్ అమ్మమ్మది కావడానికి సగం, మేనమామకూ అమ్మకూ అమ్మమ్మ ఒకే ప్రతి ఇచ్చి ఉండటానికి సగం, ఆ అమ్మాయి తన రెండు ఎక్స్‌లలో తండ్రిదాన్నే కూతురికి ఇవ్వడానికి సగం. మూడు సగాలను గుణిస్తే 8లో ఒక వంతు. ఇది వాళ్లకు పుట్టే ఆడపిల్లలకు వర్తిస్తుంది. మగపిల్లలకు ఉన్నది ఒకే ఎక్స్.

మా ఇంట్లో ఇది ఇంకా సూటిగా తేలింది. మామయ్యకు లోపం ఉంది కాబట్టి ఆయన కూతురు తప్పనిసరిగా వాహకురాలు. తమ్ముడికి లోపం ఉంది. వాళ్లకు పుట్టే కొడుకుల్లోనే కాదు, కూతుళ్లలోనూ ప్రతి ఒక్కరికీ లోపం వచ్చే అవకాశం సగానికి సగం. సార్ ఇది చెప్పి అక్కడితో ఆగలేదు. "రంగుల తేడా తెలియకపోతే మనిషి బతుకు ఆగదు, దానికోసం సంబంధం మానుకోవాలని నేననను. మిగతా క్రోమోజోముల మీద ఏం దాగి ఉందో ఎవరికీ కనపడదు, నా బెంగ దాని గురించి" అన్నారు. నిర్ణయం మాకే వదిలేశారు. ఆ సంబంధం కుదరలేదు. ఆ అమ్మాయికి నర్సింగ్ చదవాలని ఉంది, చదువుకుంది.

తమ్ముడు లెక్కల టీచరయ్యాడు. బయటి సంబంధం చేసుకున్నాడు, 1990లో కూతురు పుట్టింది. తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్‌ను కూతురికి ఇవ్వక తప్పదు కాబట్టి, పాప పుట్టిన వారానికే సార్ వచ్చి మా పాత కాగితం అడిగి తీసుకుని, కొత్త వృత్తంలో చుక్క పెట్టారు. దాని కింద ఒక గీత గీసి, చివర ఖాళీ గడి వదిలారు. అది చతురస్రమో వృత్తమో తెలియదు కాబట్టి మూలలు కూడా మూయలేదు.

ఆ కాగితం నా దగ్గరే ఉంది. పోయిన సంక్రాంతికి మా తమ్ముడి కూతురు తన ఏడేళ్ల కొడుకుతో వచ్చింది. వాడు బొమ్మల పుస్తకంలో చిలుకకు గోధుమరంగు వేశాడని టీచరు రాసి పంపారట. "పెదనాన్నా, ఆ చుక్కల పుస్తకం ఉందా?" అని అడిగింది. కిటికీ దగ్గర వెలుతురులో వాణ్ని కూర్చోబెట్టి మొదటి పలక చూపించాను. 12 అన్నాడు. రెండో పలక తిప్పాను. 8 ఉన్నచోట 3 అన్నాడు, ఎంతో ధీమాగా. మా అమ్మాయి కాగితం తన ముందుకు లాక్కుని, ఖాళీ గడి మూలలు కలిపి, వాణ్నే పెన్సిల్‌తో నింపమన్నది. వాడు గీత దాటకుండా నింపాడు.